ఒక ముక్కు సాక్ష్యం

జనవరి 20, 2002, ఆదివారం

పది రోజుల జ్వరం, జలుబు మొన్న గురువారంతో వదిలాయి. ఇవాళ తలస్నానం చేసి బీరువా తెరిచాను.

మొత్తం నూట పద్దెనిమిది అత్తరు సీసాలు. కింది రెండు అరలు నావి, పై రెండు వరూధిని పట్టుచీరలవి. పెళ్ళైన కొత్తలో నాలుగూ ఆమెవే. 1984లో కస్టమ్స్ వేలం వార్త రాయడానికి వెళ్ళి మూడు పారిస్ సీసాలతో ఇంటికొచ్చాను. వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లు పడింది. సీసాలు ఇప్పటికీ ఉన్నాయి.

ప్రతి సీసా లేబుల్ మీద మట్టం దగ్గర పెన్సిల్ గీత పెడతాను. ఏడాదికోసారి సరిచూస్తాను. మట్టం గీత కిందికి దిగితే ఆవిరైపోయిందా, వరూధిని చెల్లెలు వచ్చి వెళ్ళిందా అన్నది తేల్చాలి.

"వీటిని పూసుకోరా?" అని ఇంటికొచ్చినవాళ్ళు అడుగుతారు. స్టాంపులు పోగుచేసేవాణ్ణి ఉత్తరాలు రాయవా అని ఎవరూ అడగరు.

ఇవాళ ఏడు సీసాల మూతలు తీసి చూశాను. ఏడింటి వాసనా పలచబడింది. పోయిన ఎండాకాలం బీరువాను పడమటి గోడకు జరిపినప్పుడే చెప్పాను, వేడికి పోతాయని. జరిపిందెవరో ఇక్కడ రాయనక్కరలేదు.

జనవరి 22

వీధి చివర కాఫీపొడి అంగడివాడు చికోరీ పెంచాడు. అడిగితే లేదంటాడు. బోర్డు మీద ఎనభై - ఇరవై అని ఉంది. నాలుక మీద యాభై - యాభై.

జనవరి 24

ఇంకో అంగడిలో కొన్నాను. వీడూ అంతే. వ్యాపారులంతా ఒక మాట మీద ఉన్నట్టున్నారు.

జనవరి 27, ఆదివారం

మధ్యాహ్నం చారులో ఇంగువ లేదు.

"ఇంగువ మర్చిపోయినట్టుండావు" అన్నాను.

"నేనా? ఎప్పటికంటే ఎక్కువే వేసినా. పక్కింటి మునిలక్ష్మి గోడ మీద నుంచి అడిగింది, ఏమక్కా ఇంత ఘుమఘుమ అని."

"మరి నాకు రాలేదే."

"మీకు కాఫీలో కాఫీ లేదు, చారులో ఇంగువ లేదు. మీ బీరువా తీస్తే మాత్రం నాకు తల తిరుగుతాది."

ఇంగువ డబ్బా మీద తేదీ చూశాను. గడువు మించలేదు. అయినా కంపెనీ మార్చమని చెప్పాను.

జనవరి 30

ఆఫీసుకు పోతూ బళేపేట మూలలో సంపెంగలు కొన్నాను. వాసన లేదు. రంగు మాత్రం బాగుంది. ఎరువులతో పెంచితే పువ్వైనా ఇంతే. పేట కబుర్ల శీర్షికకు పనికొస్తుంది, గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరి 3, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, గిరిధర్ ఇంట్లో మా సమావేశం. సమావేశమంటే ఇద్దరమే. అతడు కోరమంగలలో సాఫ్ట్‌వేర్, వయసు ముప్పై లోపు. నాకు యాభై మూడు. నాలుగేళ్ళ కింద మెజెస్టిక్ దగ్గర ఒక అంగడిలో ఒకే సీసా మీద ఇద్దరమూ చెయ్యి వేశాం. అట్లా పరిచయం. సీసా అతనికి పోయింది.

మా పద్ధతి ఇది. సన్నగా కత్తిరించిన కాగితం పట్టీల మీద ఒక్కో చుక్క. వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా, ఎవరి చీటీ వాళ్ళు రాసుకోవాలి. తర్వాతే విప్పాలి. ఒకడు ముందే "గులాబీ" అంటే రెండోవాడి ముక్కుకు గులాబీయే తగులుతుంది. సాక్షులను విడివిడిగా విచారించడం లాంటిది.

ఇవాళ గిరిధర్ ఆ నియమం తప్పాడు. సింగపూర్ నుంచి తెచ్చిన కొత్త సీసా చూపించే తొందర.

"సర్, దీంట్లో టొబాకో వస్తుంది చూడండి. పైప్ టొబాకో, ఎగ్జాక్ట్‌లీ అదే. మా తాతగారి రూమ్ గుర్తొచ్చేసింది నాకు."

"వస్తోంది" అన్నాను.

రాలేదు. పొగాకు అని అతడు ముందే అనేయడంతో నా ముక్కు దారి తప్పింది. నియమాలు ఊరికే పెట్టరు.

ఫిబ్రవరి 5

పాలు మాడాయి. నేను పొయ్యికి మూడడుగుల దూరంలో కూర్చుని కార్పొరేషన్ బడ్జెట్ చదువుతున్నాను. శ్రద్ధగా చదవాల్సిన వార్త.

వరూధిని మేడ మీద బట్టలు ఆరేస్తున్నది పరుగెత్తుకొచ్చింది. "మేడ మీదికి వచ్చింది కంపు! మీరు ఈడనే కూచోని ఉండారు!"

"చదువుతా ఉన్నా."

ఆమె గిన్నె వైపు చూడలేదు. నా వైపు చూసింది, కాస్త ఎక్కువసేపే.

ఫిబ్రవరి 6

మూడో కాఫీ అంగడి. అదే సంగతి.

ఫిబ్రవరి 8, శుక్రవారం

చిక్కపేటలో ఫాతిమమ్మ అంగడి. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. భర్త పోయినప్పటినుంచి, అంటే పదిహేనేళ్ళుగా, ఆమే నడుపుతోంది. నేనూ అప్పటినుంచే వెళ్తున్నాను. గాజుపుల్లను సీసాలో ముంచి నా ముంజేతి మీద గీస్తుంది. వెంటనే వాసన చూడనివ్వదు. "ఉండన్నా, ఒళ్ళు వేడి తగలనీ" అని ఒకటి నుంచి ఇరవై దాకా ఉర్దూలో లెక్కపెడుతుంది. ఆ ఇరవై అంకెల కోసమే వెళ్ళిన రోజులున్నాయి.

అత్తర్లకు పేరుపడ్డ కన్నోజు నుంచి వట్టివేరు అత్తరు వచ్చింది. రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాను. సీలు నా ఎదుటే కోసింది. గీసింది. ఇరవై లెక్కపెట్టింది. చూశాను.

నూనె. ఇంకేమీ లేదు.

"ఏమన్నా, మొగం అట్లా పెట్టినావు?"

"దీంట్లో ఏమి కలిపినారు ఫాతిమమ్మా?"

ఆమె నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపేసింది.

"వచ్చింది వచ్చినట్టే ఉండాది కదన్నా. సీలు నీ ముందరే కోస్తి."

"సీలు వేసేముందే కలిపి ఉంటారు. ఇది పారఫిన్."

"నీ ముక్కుకు భయపడి ఎన్నిసార్లు సరుకు వాపసు పంపించినానో నీకు తెలీదు. ఇది నేను చూసినా. బంగారం. ఇంకొకసారి చూడు."

మూడుసార్లు చూశాను. మూడుసార్లూ నూనే.

"నీకు జలుబు చేసిందా అన్నా?" అంది.

"పోయి మూడు వారాలాయె."

దొరికినవాళ్ళు మొదట సాక్షినే అనుమానిస్తారు. కోర్టు వార్తలు రాసినవాడికి ఇది కొత్త కాదు. సాక్ష్యానికి ఒక చిన్న బుడ్డి కొనుక్కొచ్చాను. బాధగానే ఉంది. పదిహేనేళ్ళ నమ్మకం.

ఫిబ్రవరి 9

బుడ్డి మూత తీసి వరూధినికి చూపించాను.

"వట్టివేరు కదా? బాగుండాదే! తడిపిన తడికె మాదిరి."

ఆమెకు ఇందులో అభ్యాసం లేదు. లెక్కలోకి తీసుకోలేదు.

ఫిబ్రవరి 11, సోమవారం

అత్తరు కల్తీ మీద వార్త రాస్తానని బ్యూరో చీఫ్ మునినారాయణప్పకు చెప్పాను. తాతల కాలంనుంచి ఈ కన్నడ ఊళ్ళో ఉన్న తెలుగువాడు. మా ఆఫీసులో పాత నియమం ఒకటుంది: ఎవరి మీద రాసినా ఇద్దరు చెప్పాలి.

"ఇద్దరు చెప్పినారా అప్పా?"

"ఒకడు నేను."

"ఇంకొకడు?"

"నా ఇరవై ఏండ్ల అనుభవం."

పడీపడీ నవ్వాడు. "సరేప్పా. నీ ముక్కు మన టెలిప్రింటర్ కన్నా పాతది. రాయి. అంగడి పేరు మాత్రం వద్దు."

ల్యాబుకు పంపితే నెల పడుతుంది. బక్రీద్ ఇరవై మూడున. జనం కొనేది ఈ రెండు వారాల్లోనే. వార్త పండుగకు ముందే రావాలి.

ఫిబ్రవరి 16, శనివారం

వచ్చింది. మూడో పేజీ పైన, పేట కబుర్లలో, నా పేరుతో. "చిక్కపేటలో ముప్పై ఏళ్ళుగా ఉన్న, ప్రస్తుతం ఒక మహిళ నడుపుతున్న అంగడిలోనూ వట్టివేరు అత్తరు పేరిట వాసన లేని నూనె అమ్ముతున్నట్టు ఈ విలేకరి పరిశీలనలో తేలింది."

పేరు రాయలేదు. జాగ్రత్త పాటించాను.

ఫిబ్రవరి 18

పదకొండు ఫోన్లు. కదిరి నుంచి ఒక చిల్లర వ్యాపారి కృతజ్ఞతలు చెప్పాడు. "సార్, ఆ అంగడి ఫాతిమా బీదే కదా?" అన్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు.

వార్తకు స్పందన బాగుంది.

ఫిబ్రవరి 21, గురువారం

ఫాతిమమ్మ ఆఫీసుకు వచ్చింది. పదిహేనేళ్ళలో ఆమెను అంగడి బయట చూడటం ఇదే మొదలు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"పేరు రాయలేదంటివంట అన్నా. చిక్కపేటలో అత్తరు అమ్మే ఆడది నేనొక్కదాన్నే."

"మీ మీద రాయలేదు. సరుకు మీద రాసినా."

"పండక్కి సరుకు కొనే కదిరి వాళ్ళిద్దరూ రాలేదు. హిందూపురం హుస్సేన్ ఫోను చేసి, ఈసారికి వద్దులేమ్మా అన్నాడు. ముప్పై ఏండ్లుగా వాళ్ళ నాయన కాలం నుంచి కొనేవాళ్ళు. పండక్కి ఇంక రెండు దినాలు."

పక్క టేబుల్ వాళ్ళు టైపు కొట్టడం ఆపారు.

"నన్ను దొంగ అంటే ఓర్చుకుంటా. బోర్డు మీద ఉండేది మా ఆయన పేరు. ఒక మాట చెప్తా విను. ఇంకొక ముక్కును తీసుకరా. నీకిష్టమైన ముక్కు. నాకు తెలిసినోళ్ళు కూడా వద్దు. ఆ మనిషి నూనె అంటే నేను అంగడి మూసేస్తా. వట్టివేరు అంటే, నువ్వు రాసిన చోటనే రాయల్ల, అంతే పెద్దగా."

"సరే" అన్నాను.

"పేపర్లోనే" అని ఇంకోసారి చెప్పి వెళ్ళిపోయింది.

న్యాయమైన షరతు. నాకేమీ భయం లేదు.

ఫిబ్రవరి 23

బక్రీద్. సెలవు. ఏటా ఇవాళ ఫాతిమమ్మ ఇంటినుంచి బిరియాని వచ్చేది. వరూధిని మధ్యాహ్నం రెండింటి దాకా పొయ్యి వెలిగించలేదు. తర్వాత ఉప్మా చేసింది.

ఫిబ్రవరి 26

రెండో ముక్కు గిరిధర్. ఫోనులో విషయం చెప్పాను. బుడ్డి పంపించాను. ఆదివారం పట్టీలు తనే తయారుచేస్తాడు. ఏ పట్టీలో ఏముందో నాకు చెప్పడు, ఫాతిమమ్మది ఒకటి ఉంటుంది. అతని చీటీ, నా చీటీ విడివిడిగా.

ఫిబ్రవరి 28

నిద్ర బాగానే పడుతోంది.

మార్చి 3, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అయిదు పట్టీలు, అంకెలు వేసి. గిరిధర్ వంటింట్లో తయారుచేసి తెచ్చాడు. అతడు తన చీటీ ముందే రాసి మడిచి పెట్టాడు. నేను ఒక్కో పట్టీకి రెండు నిమిషాలు తీసుకున్నాను.

నా చీటీ: ఒకటి, నిమ్మజాతి. రెండు, వాసన లేని నూనె, వివాదంలో ఉన్నది ఇదే. మూడు, చందనం. నాలుగు, పాత గులాబీ, అడుగున తోలు, చివర కొంచెం మిరియం, మంచి పనివాడి చెయ్యి. అయిదు, మల్లె, సాయంకాలం మల్లె.

గిరిధర్ నా చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు. లేచి ఫ్యాన్ వేశాడు. అంతకుముందే తిరుగుతోందని చూసుకుని కూర్చున్నాడు.

"సర్, రెండు మీరన్నట్టు ఫాతిమమ్మ గారిదే. కానీ సర్..." అని తన చీటీ ఇచ్చాడు. 'వట్టివేరు. తడి వేళ్ళు, కొంచెం పొగ. సూపర్. ఎక్కడ కొన్నారో అడగాలి' అని ఉంది.

"నాకు నూనె అని తెలిసింది కదా, మరి?"

"జిడ్డు మరక చూసి చెప్పారేమో సర్. మిగతా వాటికి మరక లేదు."

"నాలుగు?"

"నాలుగు వాటర్ సర్."

"నీళ్ళంటే?"

"మినరల్ వాటర్. ఊరికే, చెక్ కోసం పెడదామని."

"గ్లాసులో ముందు ఏదో ఉండి ఉంటుంది."

"కొత్త బాటిల్ సర్. సీల్ తీసి నేరుగా పోశాను."

సీలు మాట ఇంకొకరి నోట కూడా విన్నాను. అయిదో దాని గురించి నేను అడగలేదు. అతడే చెప్పాడు, తల వంచుకుని.

"అయిదు... వెల్లుల్లి సర్. రెబ్బ తుంచి రుద్దాను. జోక్‌గా. మీరు తిడతారు, నవ్వుకుందాం అనుకున్నా. రూమంతా అదే కొడుతోంది కదా, అందుకే ఫ్యాన్..."

నేను నా చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"సర్, ఎప్పట్నుంచి?"

"ఎప్పటినుంచి ఏమిటి?" అన్నాను. లేచి వచ్చేశాను. చెప్పులు గేటు దగ్గర వేసుకున్నాను.

మార్చి 4

కార్పొరేషన్ సమావేశం. మూడు గంటలు. వార్త నాలుగు వందల మాటలు.

మార్చి 5, మంగళవారం

వరూధిని మునిలక్ష్మితో కలిసి బజారుకు వెళ్ళింది. వంటింట్లోంచి, బాత్‌రూమ్‌లోంచి, బీరువాలోంచి కొన్ని తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. కిరోసిన్. కొత్త కంపెనీ ఇంగువ. ఫినాయిల్. కలరా ఉండలు. వెల్లుల్లి, పచ్చిది. 1984 నాటి మొదటి పారిస్ సీసా, ఏడాదికి ఒక్కసారే తెరిచేది.

కళ్ళు మూసుకుని చేతులతో కలిపేసి, ఒక్కోటి తీసి చూశాను. కలరా ఉండకూ పారిస్‌కూ తేడా తెలియలేదు. ఫినాయిల్ ముక్కులో చురుక్కుమంది, అంతే. అది మంట, వాసన కాదు.

తర్వాత ఈ డైరీ జనవరి ఇరవై నుంచి చదివాను. నలభై నాలుగు రోజుల్లో ఈ ఊళ్ళో కాఫీ, ఇంగువ, సంపెంగలు, పారిస్, సింగపూర్, కన్నోజు అన్నీ చెడిపోయాయి. చెడనిది నేనొక్కణ్ణే. ఇలాంటి సాక్ష్యంతో ఏ ట్రైనీ వార్త తెచ్చినా కాగితం చింపి చేతిలో పెట్టేవాణ్ణి.

వరూధిని వచ్చేసరికి బల్ల మీద అన్నీ అట్లాగే ఉన్నాయి.

"వాసన పోయింది" అన్నాను.

"తెలుసు." కూరల సంచి కింద పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది?"

"పాలు మాడిన దినమే."

"చెప్పలేదే?"

"ఎన్నిసార్లు చెప్పల్ల? డాక్టర్ దగ్గరికి పోదామంటే కాఫీ అంగడోళ్ళను తిట్టినారు." ఫినాయిల్ సీసా తీసి బాత్‌రూమ్‌లో పెట్టొచ్చింది. "ఆ యమ్మ అంగడి సంగతేమి? మీ ముక్కుది తర్వాత చూద్దాం."

మార్చి 7, గురువారం

జయనగర్‌లో ముక్కు, చెవి డాక్టర్ రామాంజినప్ప. లైటు పెట్టి చూశాడు. లోపల దారి బాగానే ఉందట. జలుబుతో వచ్చిన వైరస్ వాసన నరాన్ని దెబ్బతీసి ఉంటుందట.

"తిరిగి వస్తుందా?"

"కొందరికి ఆరు నెలల్లో వస్తాది. కొందరికి ఏడాది, రెండేండ్లు. కొందరికి రాదు. ఖచ్చితంగా చెప్పేవాణ్ణి నమ్మొద్దు."

నచ్చాడు. ముక్కులో కొట్టుకునే మందు రాసిచ్చాడు. చీటీ రాస్తూ, "ఏమి చేస్తా ఉంటారు?" అన్నాడు. విలేకరినని, అత్తర్లు సేకరిస్తానని చెప్పాను.

"ఎన్ని ఉండాయి?"

"నూట పద్దెనిమిది."

"వాడుతారా?"

"లేదు. దాచిపెట్టినా."

పెన్ను ఆపి నన్ను చూశాడు. "ముక్కు బాగున్నప్పుడు వాడేసి ఉండాల్సింది కదప్పా."

మార్చి 8

సవరణ, మొదటి ప్రతి: "ఫిబ్రవరి 16 నాటి పేట కబుర్లలో సాంకేతిక కారణాల వల్ల ఒక పొరపాటు దొర్లింది."

సాంకేతిక కారణం ఏదీ లేదు. కొట్టేశాను.

మార్చి 9

రెండో ప్రతి: "చిక్కపేట అత్తరు అంగడిపై వచ్చిన ఫిర్యాదులు నిర్ధారణ కాలేదు."

ఫిర్యాదులు ఎవరివి? కొట్టేశాను.

మార్చి 11

మూడో ప్రతి: "సదరు అంగడిలో ప్రస్తుతం స్వచ్ఛమైన సరుకే అమ్ముతున్నట్టు తాజా పరిశీలనలో తేలింది."

ఇది చదివినవాడు ఏమనుకుంటాడు? అప్పుడు కల్తీ చేసింది, పేపర్లో పడ్డాక దారికొచ్చింది అనుకుంటాడు. మొదటి వార్త కన్నా ఇది అన్యాయం. పైగా భాష బాగుంది. అదే భయపెట్టింది.

మార్చి 12, మంగళవారం

మునినారాయణప్పకు మొత్తం చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలాడు.

"లోపల పేజీలో రెండు లైన్లు వేసి వదిలెయ్యప్పా. నీ ముక్కు సంగతి ఎందుకు ఊరికంతా? నవ్వుతారు."

"ఎందుకు తప్పో చెప్పకపోతే తప్పని ఎవరు నమ్ముతారు? కదిరివాళ్ళు మళ్ళీ రారు."

"ఇరవై ఏడేండ్ల సర్వీసులో నీ మీద ఒక సవరణ పడలేదు కదప్పా."

"పడలేదు."

"రేపట్నుంచి నువ్వేమి రాసినా, దీన్ని ముక్కుతో రాసినావా కంటితో చూసి రాసినావా అని అడుగుతారు."

"అడగనీ."

బల్ల మీద పెన్నుతో కాసేపు కొట్టాడు. "తప్పు నాది కూడా. ఇద్దరు చెప్పినారా అని అడిగి, నువ్వు జోకు చెప్తే నవ్వి ఒప్పుకుంటి. నా పేరు కూడా వెయ్యల్ల అంటావేమి?"

"వద్దు. చూసినవాణ్ణి నేను."

"యా చోట?"

"అదే చోట. మూడో పేజీ పైన."

"అక్కడ ప్రకటన ఉండాదప్పా శనివారం."

"కిందికి జరపండి."

జరిపాడు. దానికి నలభై నిమిషాలు, మూడు ఫోన్లు పట్టాయి.

మార్చి 14

ఇంటికొస్తే గిరిధర్ నా కోసం కూర్చుని ఉన్నాడు. వరూధిని కాఫీ ఇచ్చింది. "కాఫీ సూపర్ ఆంటీ" అన్నాడు, వెంటనే నాలిక కరుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. మొదటి అంగడివాడి పొడేనట అది. వరూధిని ఎప్పుడో వాడి దగ్గరికే తిరిగి వెళ్ళిపోయింది.

మార్చి 16, శనివారం

ఇట్లా వచ్చింది.

"సవరణ. ఫిబ్రవరి 16న ఈ శీర్షికలో, చిక్కపేటలో శ్రీమతి ఫాతిమా నడుపుతున్న అంగడిలో వాసన లేని నూనెను వట్టివేరు అత్తరుగా అమ్ముతున్నారని రాశాను. అది తప్పు. ఆ అత్తరు అసలైనదే. జనవరిలో వచ్చిన జలుబుతో నాకు వాసన తెలిసే శక్తి పోయింది. ఆ సంగతి నేను గమనించలేదు. ఇద్దరు చెప్పినా వినలేదు. మరొకరి చేత పరీక్ష చేయించకుండా రాశాను. లోపం సరుకులో లేదు, విలేకరి ముక్కులో ఉంది. శ్రీమతి ఫాతిమాకు, పాఠకులకు క్షమాపణలు. - పద్మనాభం"

ఫోన్లు ముప్పై నాలుగు. అందులో ఇరవై నవ్వడానికి. ఒకాయన ముక్కులో వేసుకునే ఆకుపసరు పేరు చెప్పాడు. హోస్కోట నుంచి ఒకావిడ, తనకు మూడేళ్ళుగా వాసన లేదని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదని, ఇవాళ చెప్పానని అంది. పేరు చెప్పకుండా పెట్టేసింది.

మార్చి 18, సోమవారం

సాయంత్రం నాలుగింటికి చిక్కపేట వెళ్ళాను. అంగడి ఎదుట రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. మూడోసారి ఫాతిమమ్మే పిలిచింది.

"ఎంతసేపు తిరుగుతావన్నా? హమాలీలకు అడ్డం. లోపలికి రా."

స్టూలు మీద కూర్చున్నాను.

"కదిరి వాళ్ళొచ్చినారు నిన్న" అంది. "పేపరు చేత్తో పట్టుకోనే వచ్చినారు. సగం సరుకే కొన్నారు. పండగ అయిపోయింది కదా. పోయిన బేరం పోయింది, అది నువ్వు తేలేవు."

"తేలేను."

"నేను మాఫ్ చేసేసినాననుకోవద్దు. రంజాన్ దాకా చూస్తా."

"చూడండి."

"హుస్సేన్ ఇంకా రాలేదు."

"నేను హిందూపురం పోయి చెప్తా."

"నువ్వు పోవద్దు. ఇంకా చెడుతాది." గాజుపుల్ల తీసింది. "చెయ్యి ఇట్లా పెట్టు."

"నాకెందుకు ఫాతిమమ్మా? దండగ."

"నీ కోసమని ఎవరన్నారు? పూసుకున్నోడి ముక్కు ఒక గంటకు దాన్ని మరిచిపోతాది. అందరిదీ అంతే. అత్తరు పక్కన కూచునేవాళ్ళ కోసం."

గీసింది. ఇరవై లెక్కపెట్టింది. నేను చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకోలేదు. ఆమె నా చెయ్యి తనవైపు లాక్కుని తనే చూసింది, కళ్ళు మూసుకుని. దూదిపోగు అత్తరులో ముంచి నా చెవి మడతలో పెట్టింది. ఒక బుడ్డి కట్టి ఇచ్చింది. ఈ బుడ్డికి గీత పెట్టదలుచుకోలేదు.

మార్కెట్ దగ్గర బస్సు కోసం ఎదురుచూస్తూ బుడ్డి మూత తీశాను. ఎంత పూసుకోవాలో తెలియలేదు. ఇంతకాలం ఆ లెక్క ముక్కే చూసుకునేది. రెండు చేతులకూ పూసుకున్నాను. మెడకు పూసుకున్నాను. రుమాలుకు కాస్త. చొక్కా కాలరుకు కూడా.

బొమ్మనహళ్ళి బస్సు ఎక్కి ఆడవాళ్ళ సీట్ల వెనక మొదటి వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాను. నా ముందు సీట్లో ఒక పూలమ్మే అవ్వ, ఒడిలో ఖాళీ బుట్ట. రెండు స్టాపులు దాటాక వెనక్కి తిరిగింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమప్పా, ఆ కిటికీ తీ."

"ఏమవ్వా?"

"ఏమంటాడు చూడు! ఏమది, అంత పోసుకున్యావు? తలకాయ నొస్తా ఉండాది."

"వస్తా ఉందా?"

"వస్తా ఉందా అంట! దినమంతా పూల నడుమ కూచునేదాన్ని, నాకే తట్టుకోను కాలేదు. ఆ డ్రైవరు చూడు, తల బయట పెట్టి తోల్తా ఉండాడు."

చూశాను. నిజమే. నేను కూర్చున్నది ఆరో వరుస. నాకూ డ్రైవరుకూ మధ్య అయిదు వరుసలు. లెక్కపెట్టాను.

"తీయప్పా స్వామీ!" అంది అవ్వ.

కిటికీ తీశాను. పూర్తిగా కాదు, సగం.